ముందుగా ఎవరి మాట వినాలి

మన ఊళ్ళలో కంప్యూటర్ మొరాయిస్తే చేయించే వైద్యం ఒకటే, ఫార్మాట్ కొట్టించడం. సందు చివరి షాపులో ఇచ్చి వస్తాం. సాయంత్రానికల్లా అది తేటగా తిరిగొస్తుంది. కుర్రాడు అడిగిన డబ్బులిచ్చేస్తాం. మధ్యలో ఏం జరిగిందని అడగం. అతను చేసిందల్లా సొరుగులోంచి ఒక పెన్‌డ్రైవ్ తీసి గుచ్చడం, స్విచ్చి వేసీ వేయగానే ఏదో ఒక మీట టకటకా నొక్కడం, ఆ తరవాత తెర అడిగినవాటికి జవాబులివ్వడం. మూడింటిలోనూ పెద్ద విద్యేమీ లేదు. కానీ ఆ మధ్యదుంది చూశారూ, మీట నొక్కడం, అది జరిగే రెండు మూడు క్షణాల్లోనే యంత్రం నిద్రలేచి ముందుగా ఎవరి మాట వినాలో తేలిపోతుంది. సొమ్ము పెట్టి కొన్నది మనం. అలాంటి క్షణాలు ఉన్నాయని కూడా తెలియకుండా ఏళ్ళకేళ్ళు దాన్ని వాడేస్తుంటాం.

నేను కంప్యూటర్లు చదువుకున్నవాణ్ణి కాను. బ్యాంకు కౌంటరు వెనక పనిచేసి రిటైరైన మనిషిని. విండోస్‌కి బదులుగా వాడుకునే లైనక్స్ పిచ్చి మాత్రం సర్వీసులో ఉండగానే పట్టుకుంది. ఇన్నాళ్ళూ ఇంట్లోవాళ్ళు దాన్ని సహించారంతే. 2025 అక్టోబరు 14 తరవాత అపార్ట్‌మెంటులో ఆ పిచ్చికి హఠాత్తుగా గిరాకీ వచ్చింది. ఆ రోజుతో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలుగా ఇచ్చే భద్రతా సవరణలు ఆపేసింది. విండోస్ 11కి మారదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైవే పనికొస్తాయి. ఇంకో ఏడాది సవరణల కోసం నమోదు చేసుకోవచ్చన్నారు గానీ అది వాయిదాయే. కీబోర్డు అరగని, తెర మీద గీత పడని లాప్‌టాప్‌లు ఒక తారీఖు దాటగానే ముసలివైపోయాయి.

పక్క ఫ్లాట్‌లో ఉండే లెక్కల మాస్టారు తన లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చారు.

"ఏమండీ, నిక్షేపంలా పనిచేస్తున్నదాన్ని పారేసి కొత్తది కొనుక్కోమంటున్నాడు మావాడు. మీరేమంటారు?"

"పారేయకండి మాస్టారూ. లైనక్స్ ఎక్కిద్దాం. ఒక పెన్‌డ్రైవ్ తెండి, 8 జీబీది చాలు. అందులో ఉన్నదంతా పోతుంది, ఫోటోలూ అవీ ఉంటే ముందే తీసి దాచుకోండి."

"పోవడం దేనికి? ఖాళీ చోటులో పెట్టలేరా?"

లెక్కల మాస్టారు కదా, సరైన చోటే పట్టుకున్నారు. దానికి జవాబు చెప్పాలంటే సీడీల దగ్గర్నుంచి రావాలి.

ఒకప్పుడు నాకివి పోస్టులో వచ్చేవి. ఉబుంటు అనే లైనక్స్ తయారుచేసేవాళ్ళు షిప్‌ఇట్ అనే పేరుతో, అడిగినవాళ్ళకల్లా పైసా తీసుకోకుండా దేశదేశాలకీ సీడీలు పంపేవారు. 2011లో ఆపేశారు. అంతకుముందు కంప్యూటర్ పత్రికలతో పాటు వచ్చేవి. పత్రిక చదివినా చదవకపోయినా సీడీ మాత్రం భద్రంగా దాచుకునేవాళ్ళం. ఇప్పుడు లాప్‌టాప్‌లకి సీడీ పెట్టే అరే లేదు. అయినా మనం దింపుకునే ఫైలు మాత్రం ఇప్పటికీ సీడీ ఆకారంలోనే ఉంటుంది. పేరు చివర ఐఎస్ఓ అని ఉంటుందే, అది 1988 నాటి ఐఎస్ఓ 9660 ప్రమాణం తాలూకు గుర్తు. సీడీ మీద ఫైళ్ళు ఎలా పరుచుకుని ఉండాలో నిర్ణయించిన ప్రమాణం అది.

దాంట్లో నాకు భలే ఇష్టమైన సంగతి ఒకటుంది. ఆ ప్రమాణం రాసినవాళ్ళు మొదటి 16 సెక్టార్లని, అంటే 32 కిలోబైట్లని, ఏమీ చెప్పకుండా వదిలేశారు. ఏ యంత్రానికి కావలసింది అది అక్కడ పెట్టుకోవచ్చని. చాలా సీడీల్లో ఆ జాగా సున్నాలతోనే నిండి ఉండేది. సీడీ నుంచి పీసీని లేపడానికి 1995లో ఫీనిక్స్, ఐబీఎం కంపెనీలు వేరే దారి వేసుకున్నాయి. దాని పేరు ఎల్ టొరిటో. కాలిఫోర్నియాలో ఒక మెక్సికన్ హోటలు పేరట, ఆ మాటలన్నీ అక్కడ భోంచేస్తూ మాట్లాడుకున్నారట. సరే, ఆ 32 కిలోబైట్లూ అలాగే పడున్నాయి. ఈలోగా పెన్‌డ్రైవ్‌లు వచ్చాయి. పాత పద్ధతి పీసీకి పెన్‌డ్రైవ్ అంటే సీడీ కాదు, చిన్న హార్డ్‌డిస్కు. హార్డ్‌డిస్కు నుంచి లేవాలంటే అది మొట్టమొదటి 512 బైట్లే చదువుతుంది. అందులో 446 బైట్లు కోడు, 64 బైట్లు విభజన పట్టిక, చివరి రెండు బైట్లు "ఇది బూట్ అయ్యేదే" అనే గుర్తు. సిస్‌లైనక్స్ ప్రాజెక్టువాళ్ళు ఆ 512 బైట్లనీ తీసుకొచ్చి, ఎవరూ వాడని ఆ జాగాలో కూర్చోబెట్టారు. ఐసోహైబ్రిడ్ అంటారు దాన్ని. ఇక ఒకే ఫైలు సీడీ మీద రాస్తే సీడీలా లేస్తుంది, పెన్‌డ్రైవ్ మీద రాస్తే డిస్కులా లేస్తుంది. ఇరవై ఏళ్ళ తరవాత ఎవరికి ఏం అవసరం పడుతుందో తెలియకుండానే కొంచెం చోటు వదిలినవాళ్ళంటే నాకు గౌరవం.

మాస్టారి ప్రశ్నకి జవాబు ఇదే. ఐఎస్ఓ ఫైలుని పాటలూ సినిమాలూ ఎక్కించినట్టు పెన్‌డ్రైవ్‌లోకి లాగి వదిలితే అది అక్కడ ఒక ఫైలుగా పడుంటుంది, అంతే. దాని మొదటి బైటు పెన్‌డ్రైవ్ మొదటి బైటు మీదే పడాలి. అలా పడ్డప్పుడు అంతకుముందున్న విభజన పట్టిక చెరిగిపోతుంది. మిగతా చోటు ఖాళీగా ఉన్నా దాన్ని చేరే దారి ఉండదు. వెంటాయ్ అని ఒకటుంది, దాన్ని ఒకసారి ఎక్కించుకుంటే ఆ తరవాత ఐఎస్ఓలని మామూలు ఫైళ్ళలాగే వేసుకోవచ్చు, లేచేటప్పుడు కావలసింది ఎంచుకోవచ్చు. నాలుగు రకాలు ప్రయత్నించేవాళ్ళకి బాగుంటుంది. మాస్టారికి ఒకటి చాలు.

షాపు కుర్రాడి దగ్గర కూడా ఇలాంటి పెన్‌డ్రైవే ఉంటుంది. అందులో ఉన్న విండోస్ ఎక్కడిదో, దాని తాళం బద్దలుకొట్టిందెవరో, కొట్టినవాడు లోపల ఇంకేం పెట్టి వెళ్ళాడో అతనికీ తెలియదు. నేను చేసేదాంట్లో ఉన్నది, కాపీ చేసి పదిమందికీ పంచుకోవచ్చని లైసెన్సే రాసిచ్చిన సరుకు. రిచర్డ్ స్టాల్మన్ 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించింది, హెల్సింకీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లైనక్స్ కెర్నెల్‌ని ఆ మరుసటేడు గ్నూ లైసెన్సు కిందకి తెచ్చింది ఈ పంచుకునే హక్కు మీదే. ఈ మాట చెబితే మనవాళ్ళకి పెద్ద గొప్పగా తోచదు. "షాపువాడిదీ ఫ్రీయే కదండీ" అంటారు. నేను వాదించడం మానేశాను.

ఫైలు దిగాక చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని నూటికి తొంభైమంది ఎగ్గొడతారు. అది అసలుదేనా అని చూసుకోవడం. నేను వాడే డెబియన్ అనే లైనక్స్‌ని ప్రపంచమంతటా విశ్వవిద్యాలయాలూ సంస్థలూ స్వచ్ఛందంగా నకళ్ళు పెట్టుకుని అందిస్తుంటాయి. మూడు జీబీకి అటూ ఇటూగా ఉండే ఆ ఫైలు ఏ దారిన వచ్చిందో మనకి తెలియదు. ఎస్‌హెచ్‌ఏ256 లెక్క కడితే 64 అక్షరాలూ అంకెలూ ఉన్న ఒక వరస వస్తుంది. ఫైల్లో ఎక్కడో ఒక్క బిట్టు మారినా ఆ వరస గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. డెబియన్‌వాళ్ళు ప్రకటించిన వరసతో మనది కలవాలి. లైనక్స్‌లోనూ విండోస్‌లోనూ దీనికి ఒక ఆదేశం చాలు.

అయితే ఆ వరసని ప్రకటించిన చోటే దొంగ చేతిలో పడితే? పడింది కూడా. 2016 ఫిబ్రవరి 20న లైనక్స్ మింట్ సైట్‌లోకి ఎవరో చొరబడి, దింపుకునే లంకెని తాము తయారుచేసిన ఐఎస్ఓకి తిప్పేశారు. అందులో దొడ్డిదారి పెట్టారు. ఆ రోజు దింపుకున్నవాళ్ళు మింట్ అనుకునే ఎక్కించుకున్నారు. బ్యాంకులో మా పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. చెక్కు మీద సంతకాన్ని మేం పోల్చేది ఆ మనిషి చేతిలో ఉన్న ఇంకో కాగితంతో కాదు, ఖాతా తెరిచినప్పుడు తీసుకుని లోపల దాచిన నమూనాతో. డెబియన్ తన వరసల పట్టిక మీద తన తాళంతో డిజిటల్ సంతకం పెట్టిస్తుంది. ఆ తాళం తాలూకు బహిరంగ భాగం మన దగ్గర ముందే వేరే దారిన చేరి ఉంటే, సైట్‌ని ఎవరు ఆక్రమించినా సంతకం కలవదు. కౌంటరులో ముప్పై ఏళ్ళు సంతకాలు చూసిన కళ్ళకి ఈ ఏర్పాటు ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. ఇందులో చేయి వణికే ఖాతాదారు ఉండడు.

ఇక రాయడం. విండోస్‌లో అయితే రూఫస్ ఉంది, ఎక్కడైనా అయితే ఎచర్ ఉంది, రెండూ బొమ్మలు చూపిస్తూ చేయిపట్టి నడిపిస్తాయి. నాకు మాత్రం డీడీ ఇష్టం. యూనిక్స్ తొలినాళ్ళ ఆదేశం. ఎక్కడినుంచి, ఎక్కడికి, రెండే చెప్పాలి. "ఖాయమేనా?" అని అడగదు. రెండో చోట పెన్‌డ్రైవ్‌కి బదులు ఇంటి హార్డ్‌డిస్కు పేరు రాస్తే దాన్నీ అంతే శ్రద్ధగా చెరిపేస్తుంది. అందుకే దానికి డిస్క్ డిస్ట్రాయర్ అని ముద్దుపేరు. డిస్కుల జాబితా వేయించి పరిమాణం చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది. 16 జీబీ అని కొన్నది అక్కడ 14.9గా కనిపిస్తుంది. మోసమేమీ లేదు, తయారీదారు వెయ్యితో లెక్కకడితే యంత్రం 1024తో కడుతుంది. అసలు మోసం వేరే ఉంది, లోపల 8 ఉన్నదానికి పైన 64 అని అచ్చేసి ఫుట్‌పాత్‌ల మీద అమ్మేవి. వాటికి ఎఫ్3 అనే పరీక్ష ఉంది, చేయించి చూసుకోవచ్చు.

రాస్తున్నప్పుడు ఒక తమాషా జరుగుతుంది. మొదట్లో అంకెలు పరుగెడతాయి, చివరికొచ్చేసరికి అన్నీ అయిపోయినట్టే ఉండి కదలదు. నిజానికి అప్పటిదాకా రాసిందంతా ముందు ర్యామ్‌లోకి వెళ్ళింది, అక్కడినుంచి పెన్‌డ్రైవ్‌లోకి నెమ్మదిగా ఇంకుతోంది. ఓపిక పట్టలేక ఊడపీకితే సగం రాసిన పెన్‌డ్రైవ్ మిగులుతుంది. సింక్ అని కొట్టి, ఆ ఆదేశం పూర్తయి తెర మళ్ళీ మన చేతికి వచ్చేదాకా ఆగాలి.

అలా తయారైనదాన్ని మాస్టారు తీసుకెళ్ళి ముందు మనవరాలి విండోస్ లాప్‌టాప్‌కి గుచ్చారు. ఆ పిల్ల ఇంజినీరింగ్ రెండో ఏడు. వెంటనే ఫోన్ చేసింది. "అంకుల్, పెన్‌డ్రైవ్ పాడైపోయినట్టుంది. వాడాలంటే ఫార్మాట్ చేయమంటోంది, చేసేయనా?" విండోస్‌కి అర్థంకాని రాత కనబడితే అది అడిగే మొదటి ప్రశ్నే అది. "వద్దమ్మా, క్యాన్సిల్ కొట్టి తీసేయ్. తాతగారి లాప్‌టాప్‌కే పెట్టాలి" అన్నాను.

తాతగారి లాప్‌టాప్ దగ్గర నేను పక్కన కూర్చున్నాను. మీట ఆయన్నే నొక్కమన్నాను. డెల్, లెనోవో అయితే చాలావాటికి ఎఫ్12. హెచ్‌పీ అయితే ఎస్కేప్ గానీ ఎఫ్9 గానీ. ఏసస్‌కి ఎస్కేప్. ఏసర్‌లో కొన్నిటికి ఎఫ్12 ఉన్నా, ముందు సెటప్‌లోకి వెళ్ళి దాన్ని పనిచేయమని చెప్పాలి. ఒక పద్ధతంటూ లేకపోవడం వట్టి అలసత్వమని నేననుకోను. ఈ తలుపు ఎవరూ తెరవరులే అనే నమ్మకం దాని వెనకుంది. పైగా విండోస్‌లో షట్‌డౌన్ కొడితే యంత్రం పూర్తిగా ఆగదు. ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం కెర్నెల్‌ని డిస్కు మీద నిద్రపుచ్చి, మళ్ళీ స్విచ్చి వేస్తే అక్కడినుంచే లేపుతుంది. మనం మీట నొక్కే సందు దొరకదు. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ కొట్టాలి, లేదా రీస్టార్ట్ కొట్టాలి. ఆపేశామనుకున్నది ఆగకపోవడం మాస్టారికి మింగుడుపడలేదు. "అయితే ఇన్నేళ్ళూ నేను రాత్రిళ్ళు ఆపుతున్నదేమిటి?" అన్నారు.

2012 తరవాతి యంత్రాల్లో ఇంకో కాపలా ఉంది, సెక్యూర్ బూట్. లేవబోయే ప్రోగ్రాం మీద తాను నమ్మే సంతకం ఉంటేనే యంత్రం లేవనిస్తుంది. దీనికి సరైన కారణమే ఉంది. ఓఎస్ కన్నా ముందే లేచి కూర్చునే వైరస్‌ని ఆ తరవాత యాంటీవైరస్ పట్టుకోవడం చాలా కష్టం. మరి యంత్రంలో ఎవరి నమూనా సంతకాలు ఉన్నాయి? దాదాపు అన్ని పీసీల్లోనూ మైక్రోసాఫ్ట్‌వి. అందుకని లైనక్స్‌వాళ్ళు షిమ్ అనే చిన్న ప్రోగ్రాం రాసి దాని మీద మైక్రోసాఫ్ట్ చేత సంతకం పెట్టించుకుంటారు. యంత్రం షిమ్‌ని నమ్ముతుంది, షిమ్ డెబియన్ తాళాన్ని నమ్ముతుంది, ఆ తాళంతో గ్రబ్ అనే బూట్ ప్రోగ్రామ్‌నీ కెర్నెల్‌నీ సరిచూస్తుంది. డెబియన్‌లో ఇది 2019లో వచ్చిన పదో సంచిక నుంచీ ఉంది. ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది కూడా. నా మనసులో ముల్లు మాత్రం పోదు. ఎవరికీ లొంగకూడదని పుట్టిన ఓఎస్ నా ఇంట్లో నా యంత్రంలో అడుగుపెట్టడానికి మైక్రోసాఫ్ట్ సంతకం చూపించాలి. ఆ సంతకపు 2011 నాటి సర్టిఫికెట్‌కి 2026 జూన్‌తో గడువు తీరేలా రాసి ఉంది, దాని స్థానంలోకి 2023 నాటిది తెచ్చారు. ఆ తారీఖులు వేసేటప్పుడు యంత్రాల యజమానులని ఎవరూ అడగలేదు.

విండోస్ 8 కాలంలో మైక్రోసాఫ్ట్ పెట్టిన నిబంధన ప్రకారం మామూలు పీసీలో సెక్యూర్ బూట్‌ని యజమాని ఆపుకునే వీలు తప్పకుండా ఉండాలి. విండోస్ 10కి వచ్చేసరికి ఆ వీలు ఇవ్వాలా వద్దా అన్నది తయారీదారు ఇష్టానికి వదిలేశారు. ఇప్పటికి ఎక్కువమంది ఇస్తూనే ఉన్నారు. కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో విండోస్ కాని వాటి మీద పెట్టే సంతకాన్ని నమ్మడం మొదట్నుంచీ ఆపేసి ఉంటుంది, సెటప్‌లో వెదికి దాన్ని ఒప్పుకోవాలి. డిస్కు బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంటే ఈ సెటప్‌లో చేయి పెట్టగానే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది ముందే రాసిపెట్టుకోకుండా దిగకూడదు. ఇలా ఒక్కొక్క గడియా చిన్నదే, ఒక్కొక్కదానికీ ఒక సంజాయిషీ ఉంది. జేబులో ఉన్న ఫోన్ తీసి చూస్తే ఇవన్నీ ఎటు పోతున్నాయో తెలుస్తుంది. లాప్‌టాప్ కన్నా ఎక్కువ డబ్బు పోసి కొన్న ఫోన్‌కి కూడా ఎఫ్12 లాంటిది లేదు. పెన్‌డ్రైవ్ గుచ్చి "ఇవాళ నేను చెప్పినట్టు లే" అనే వీలు లేదు. సవరణలు ఆగిపోయిన రోజున చాలావాటికి చెత్తబుట్టే గతి. మాస్టారి పదేళ్ళ లాప్‌టాప్‌కి ఈపాటి భాగ్యమైనా ఉంది.

మాస్టారు మీట నొక్కగానే, ఎక్కడినుంచి లేవాలో అడిగే పట్టిక తెర మీదికి వచ్చింది. మాస్టారు బాణం మీటతో పెన్‌డ్రైవ్ దగ్గరికి వెళ్ళి ఎంటర్ కొట్టారు. ముందు లైవ్‌లో చూడమన్నాను. లైవ్ అంటే డిస్కు జోలికి పోకుండా, పెన్‌డ్రైవ్ నుంచి చదువుకుంటూ ర్యామ్‌లో నడవడం. ఆపేస్తే ఆనవాలు కూడా మిగలదు. 2000 సంవత్సరం ప్రాంతంలో జర్మనీకి చెందిన క్లౌస్ క్నోపర్ క్నోపిక్స్ సీడీతో దీన్ని జనంలోకి తెచ్చాడు. లైవ్‌లో ఉండగానే వైఫై వస్తోందా, శబ్దం వినిపిస్తోందా, తెర వెలుగు తగ్గుతోందా చూసుకోవాలి. మాస్టారికి వైఫై వెంటనే వచ్చింది. కొన్నేళ్ళ కిందట అయితే వచ్చేది కాదు. వైఫై చిప్పులకి కావలసిన ఫర్మ్‌వేర్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదని డెబియన్ దాన్ని తన అసలు ఇన్‌స్టాలర్‌లో పెట్టేది కాదు. వైఫై రావాలంటే ఫర్మ్‌వేర్ దింపుకోవాలి, దింపుకోవాలంటే వైఫై ఉండాలి. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి ఆ ఫర్మ్‌వేర్‌ని లోపల పెట్టడానికి ఒప్పుకున్నారు. నియమం కొంచెం వంగింది. నేనైతే వంగడమే మంచిదైందంటాను. పట్టుదలకి పోయి మాస్టారిని గుమ్మం దగ్గరే నిలబెడితే ఎవరికి లాభం?

ఇన్‌స్టాలర్ భాషల పట్టికలో తెలుగు ఉంది. బొమ్మల ఇన్‌స్టాలర్‌లోనే కనిపిస్తుంది, అక్షరాల తెరలో మన ఒత్తులూ గుణింతాలూ కూర్చోవు. కొన్నిచోట్ల మధ్యలో ఇంగ్లీషు దొర్లుతుంది గానీ, జీతం తీసుకోకుండా ఎవరో కూర్చుని ఒక్కొక్క వాక్యమూ తెలుగు చేశారు. మన దగ్గర స్వేచ్ఛ సంస్థవాళ్ళు డెబియన్ మీదే కట్టి తెలుగు ఓఎస్‌ని కూడా తెచ్చారు. మాస్టారు తెలుగే ఎంచుకున్నారు.

డిస్కు విభజన తెర వచ్చింది. ఇక్కడ మాత్రం లైవ్ కాదు, ఒప్పుకుంటే పోయింది పోయినట్టే. మొత్తం డిస్కు వాడుకోవాలా, విండోస్‌ని ఒక పక్కన ఉంచాలా అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించారు.

"పక్కన ఉంచితే అద్దెకున్నవాణ్ణి నేనవుతానా, వాడవుతాడా?"

"మాస్టారూ, అది మీ ఇష్టం. పదో తరగతి ప్రశ్నపత్రాలు అందులో ఉన్నాయన్నారు కదా."

"అవి మనవరాలి దాంట్లోకి నిన్ననే ఎక్కించా" అని, మొత్తం డిస్కు అన్నదాని మీద నొక్కారు.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చారు. పెన్‌డ్రైవ్ తిరిగిస్తారనుకున్నాను. ఇవ్వలేదు. "తెనాలిలో మా తమ్ముడి దగ్గర ఒకటుంది, విండోస్ 7 నాటిది. హెచ్‌పీ. ఎఫ్12 కొడుతుంటే ఏమీ రావడం లేదంటున్నాడు. ఎస్కేప్ నొక్కమన్నాను, అదీ కాకపోతే ఎఫ్9. ఆదివారం నేనే వెళ్తున్నా."